లొహిక్యార్మె: ఫిన్నిష్ డ్రాగన్ పేరు పుట్టుపూర్వోత్తరాలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఫిన్లాండ్ భాషలో డ్రాగన్‌ని లొహిక్యార్మె అంటారు. లొహి అంటే సాల్మన్ చేప, క్యార్మె అంటే పాము. ఫిన్నిష్ నేర్చుకునేవాళ్ళు ఈ రెండు ముక్కలూ తెలిసిన రోజునే "సాల్మన్ పామా, అదేంటి?" అని అడుగుతారు. హెల్సింకీ, ఎస్పో వైపు ఉంటున్న మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు బడి నుంచి వచ్చి అడిగేదీ ఇదే. మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలన్నీ ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## ముందుగా వచ్చే సందేహాలు

ఈ మాటని సరిగ్గా ఎలా పలకాలి?

మొదటి భాగంలో "లొ" హ్రస్వం. "లోహి" అని సాగదీయకూడదు. రెండో భాగంలో "క్యా" దీర్ఘం, "బ్యాంకు" అన్నప్పుడు మన నోట్లో పలికే అచ్చే అది. ఊనిక మొట్టమొదటి అక్షరం మీద పడుతుంది, "క్యా" మీద ఇంకాస్త తేలిగ్గా పడుతుంది. హ్రస్వదీర్ఘాల విషయంలో ఫిన్నిష్ చాలా పట్టింపు ఉన్న భాష. తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే కస్టమ్స్ సుంకం. తెలుగు చెవికి ఈ తేడాలు పుట్టుకతో వచ్చినవే కాబట్టి మనకి ఇక్కడ టెన్షన్ అక్కర్లేదు.

నిజంగానే వాళ్ళు డ్రాగన్‌ని "సాల్మన్ పాము" అంటారా?

ఇప్పటి రూపాన్ని విడదీస్తే వచ్చే అర్థం అదే. పుట్టుక మాత్రం వేరు. ఈ మాటలోని లొహికీ చేపకీ మొదట్లో ఏ సంబంధమూ లేదు. "ఎగిరే" అనే అర్థమున్న పాత స్వీడిష్ మాట ఫిన్నిష్ నోట్లో నలిగి నలిగి చివరికి చేప పేరులా మారింది. అంటే ఈ సమాసానికి అసలు అర్థం "ఎగిరే పాము".

ఇది సమాసమేనని ఎలా తెలుస్తుంది? ఒకే మాట అయి ఉండొచ్చుగా?

అచ్చులే చెప్పేస్తాయి. ఫిన్నిష్‌లో స్వరసామ్యం అనే నియమం ఉంది. దాని ప్రకారం దేశి మాట ఒక్కటే అయితే అందులో "ఒ" లాంటి వెనక అచ్చూ (నాలుక వెనక్కి జరిగి పలికేది) "క్యా"లో ఉన్నలాంటి ముందు అచ్చూ (నాలుక ముందుకు జరిగి పలికేది) కలిసి ఉండవు. లొహిక్యార్మెలో రెండూ ఉన్నాయంటే మధ్యలో ఎక్కడో అతుకు ఉన్నట్టే. మన భాషలోనూ ఇలాంటి సర్దుబాటు కొంత కనిపిస్తుంది. "గురువుకు" అంటాం, "హరికి" అంటాం. ముందున్న అచ్చుని బట్టి ప్రత్యయం రంగు మారుతుంది. ఫిన్నిష్‌లో ఈ పద్ధతి మాట మొత్తానికీ పాకింది.

## మొదటి సగం: ఈ "లొహి" ఎవరు?

చేప కాకపోతే ఆ లొహి ఎక్కడి నుంచి వచ్చింది?

పాత స్వీడిష్‌లో డ్రాగన్‌కి "ఫ్లొగ్‌ద్రాకి" అనే మాట ఉండేది. ఫ్లొగ్ అంటే ఎగరడం, ద్రాకి అంటే డ్రాగన్. నార్వే, ఐస్‌లాండ్ వైపు ఒకప్పుడు మాట్లాడిన పాత నార్స్ భాషలోనూ ఇదే సమాసం "ఫ్లుగ్‌ద్రెకి" అనే రూపంలో ఉంది, కాబట్టి ఇది ఆ ప్రాంతమంతా వాడుకలో ఉన్న మాటే. ఫిన్నిష్‌వాళ్ళు ఇందులో ముందు సగాన్ని చెవికి వినిపించినట్టే తీసుకున్నారు, వెనక సగాన్ని మాత్రం తమ భాషలోకి మార్చుకున్నారు. ఫ్లొగ్ కాస్తా లొహి అయింది. ద్రాకి స్థానంలో క్యార్మె వచ్చి కూర్చుంది.

ఫ్లొగ్ ఎక్కడ, లొహి ఎక్కడ? ఇంత దూరం నమ్మేలా లేదు.

మెట్టు మెట్టుగా చూస్తే దూరం కనిపించదు.

మొదటి మెట్టు "ఫ్" పోవడం. పాత ఫిన్నిష్‌లో మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావు. బయటి నుంచి అలాంటి మాట వస్తే చివరి హల్లు ఒక్కటే మిగులుతుంది. స్వీడిష్ "స్కూలా" (బడి) ఫిన్నిష్‌లో "కౌలు" అయింది. "స్తూల్" (కుర్చీ) "తువొలి" అయింది. "గ్లాస్" "లసి" అయింది. జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్, స్వీడిష్ ఉన్న కుటుంబం) మాట "స్త్రాండ్" (తీరం) మొదట్లో మూడు హల్లులు ఉన్నా వదల్లేదు, అది "రంతా" అయింది. సరిగ్గా "ఫ్ల" తోనే మొదలయ్యే మాటలు కావాలంటే అవీ ఉన్నాయి. స్వీడిష్‌లో అమ్మాయిని "ఫ్లిక్కా" అంటారు, ఫిన్నిష్ వాడుకలో అది "లిక్కా". పందిమాంసాన్ని "ఫ్లాస్క్" అంటారు, అదే ఫిన్నిష్‌లో "లాస్కి" అయి కొవ్వుకి పేరైంది. ఇన్ని మాటలు ఒకే దారిలో నడిచాక ఫ్లొగ్ ఒక్కటీ వేరే దారిలో పోతుందని ఎందుకు అనుకోవాలి?

రెండో మెట్టు చివరి "గ్". ఇది మన "గ" కాదు. గొంతులో గాలి ఒరుసుకుంటూ వచ్చే శబ్దం. "ద"కి ముందు నిలబడ్డ ఆ శబ్దానికి ఫిన్నిష్ చెవిలో దగ్గరగా వినిపించేది "హ్".

మూడో మెట్టు "ఇ" చేరడం. బయటి నుంచి వచ్చిన నామవాచకం హల్లుతో ఆగిపోతే ఫిన్నిష్ దానికి "ఇ" తగిలిస్తుంది. మనం "బ్యాంకు", "బస్సు", "లైటు" అని ఉకారం చేర్చినట్టే వాళ్ళు బ్యాంకుని "పంక్కి" అంటారు.

ఇక లెక్క చూడండి. ఫ్లొగ్, లొగ్, లొహ్, లొహి.

సరే, శబ్దం అలా మారింది. సరిగ్గా చేప పేరు దగ్గరే ఎందుకు ఆగింది?

అర్థం తెలియని ముక్క నోట్లో ఎక్కువకాలం నిలవదు. దానికి దగ్గరగా వినిపించే తెలిసిన మాట ఏది దొరికితే దాని వైపు జారిపోతుంది. ఫిన్లాండ్ నదుల్లో సాల్మన్ నిండుగా ఉండేది, లొహి అనే మాట పసిపిల్లలకీ తెలుసు. "ఫ్లొగ్" అంటే ఏమిటో స్వీడిష్ రానివాళ్ళకి తెలియదు. ఇంకేముంది, ఆ ముక్క చేప పక్కన చేరిపోయింది.

భాషావేత్తలు దీన్ని జనవ్యుత్పత్తి అంటారు. మన భాష పేరు విషయంలోనే ఇలాంటి చర్చ ఉంది. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం క్షేత్రాల మూడు లింగాల వల్ల "త్రిలింగ", దాని నుంచి "తెలుగు" అని చెప్పే కథ మనందరం విన్నదే. అసలు మాట తెలుగే అనీ, దానికి సంస్కృత వేషం వేసి త్రిలింగ అన్నారనీ చాలామంది భాషావేత్తల అభిప్రాయం.

సాల్మన్‌కీ పొలుసులుంటాయి, డ్రాగన్‌కీ ఉంటాయి. గుడ్లు పెట్టే కాలంలో మగ సాల్మన్ దవడ కొక్కెంలా వంగుతుంది కూడా. పోలిక వల్లే పెట్టి ఉండొచ్చుగా?

పోలికలు నిజమే. మగ సాల్మన్ దవడ చూస్తే ఎవరికైనా ఆ ఊహ వస్తుంది. ఐతే పక్క భాషలో అదే అర్థంతో సరిగ్గా సరిపోయే సమాసం ఉండగా, శబ్దాలు మారిన తీరు మిగతా ఎరువు మాటలతో (వేరే భాష నుంచి అరువు తెచ్చుకున్నవాటితో) సరిపోతుండగా, దవడని మూలంగా చూపడానికి చోటు మిగలదు. మాట చేప వైపు జారాక అక్కడే స్థిరపడటానికి ఈ పోలిక కొంత సాయపడి ఉండొచ్చు, అంతవరకూ ఒప్పుకుంటాను.

ఫిన్నిష్ జానపద మహాకావ్యం కాలెవాలాలో లౌహి అనే ఆవిడ ఉందిగా. లొహిక్యార్మె ఆవిడ పామా?

ఈ ఊహ ఎందుకు వస్తుందో తెలుసు. లౌహి ఉత్తరదేశమైన పొహ్యొలాకి యజమానురాలు. ఎలియాస్ లెన్రోత్ కూర్చిన కాలెవాలా 1835లో వచ్చింది, పెంచిన కూర్పు 1849లో వచ్చింది. అందులో 43వ పాటలో సంపో అనే మాయా యంత్రం కోసం జరిగే పోరులో లౌహి పెద్ద పక్షిగా మారి, కొడవళ్ళని గోళ్ళుగా పెట్టుకుని, రెక్కల కింద సైనికుల్ని మోసుకుంటూ ఎగిరొస్తుంది. ఎగరడమూ ఉంది, భయమూ ఉంది, పేరూ దగ్గరగా ఉంది. అయినా చుట్టరికం లేదు. ఫిన్నిష్‌లో "లౌహి" అంటే బండరాయి అనే అర్థం కూడా ఉండటంతో "రాతి పాము" అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. స్వీడిష్ సమాసాన్ని పక్కన పెట్టి చూస్తేనే ఈ రెండు ఊహలకీ బలం.

ఎస్టోనియన్ ఫిన్నిష్‌కి అక్కచెల్లెలు కదా. అక్కడ డ్రాగన్‌ని ఏమంటారు?

"లొహె" అంటారు. సాల్మన్ పేరు రాతలో దాదాపు ఇలాగే ఉంటుంది కానీ మొదటి అచ్చు వేరు. పెదవుల్ని గుండ్రంగా చుట్టకుండా "ఒ" పలికితే వచ్చే అచ్చు అది, ఎస్టోనియన్‌లో దానికి వేరే అక్షరమే ఉంది. అంటే ఫిన్నిష్‌లో ఒకేలా వినిపించే చేపా డ్రాగనూ ఎస్టోనియన్‌లో రెండు వేర్వేరు అచ్చులతో విడివిడిగా ఉన్నాయి. నాకు బాగా నచ్చే సాక్ష్యం ఇది. ఎస్టోనియన్‌లో గాలిపటాన్ని కూడా లొహె అంటారు. స్వీడిష్ "ద్రాకె"కీ ఈ రెండు అర్థాలూ ఉన్నాయి.

ఈ మాట ఫిన్నిష్‌లోకి ఎప్పుడు వచ్చి ఉంటుంది?

మధ్యయుగాల్లో. ఫిన్లాండ్ సుమారు ఆరు వందల ఏళ్ళు, 1809 వరకూ, స్వీడన్ పాలనలో ఉంది. చర్చి, న్యాయం, వర్తకం, చదువు అన్నింటిలో స్వీడిష్ మాటలు వచ్చి పడ్డాయి. స్వీడిష్ చరిత్రలో "పాత స్వీడిష్" దశ 1526తో ముగుస్తుందని లెక్క. ఫిన్నిష్‌లో మొదటి అచ్చు పుస్తకం, మికాయెల్ అగ్రికొలా అక్షరాల పుస్తకం, 1543లో వచ్చింది. కాబట్టి ఈ మాట కాగితం మీదికి రాకముందే నోళ్ళలో తిరుగుతూ ఉండేదని అనుకోవాలి. జార్జి అనే పునీతుడు డ్రాగన్‌ని చంపిన కథ అప్పట్లో ఉత్తర యూరప్ అంతా మారుమోగేది. ఆ ఘట్టాన్ని చూపే పెద్ద చెక్కశిల్పం స్టాక్‌హోమ్ పెద్ద చర్చిలో 1489 నుంచీ ఉంది.

## రెండో సగం: పాము ఎలా వచ్చి చేరింది?

ముందు సగాన్ని అలాగే ఉంచి వెనక సగాన్నే ఎందుకు మార్చారు?

వెనక సగం వస్తువేమిటో చెబుతుంది. అది అర్థమైతే చాలు, మాట పని చేస్తుంది. మనం "రైలుబండి" అనడం లేదూ? రైలు అంటే ఇనుప పట్టా అని తెలియకపోయినా, బండి అనగానే అదేమిటో ఎవరికైనా అర్థమవుతుంది. భాషాశాస్త్రంలో ఇలాంటివాటిని సగం ఎరువు, సగం అనువాదం అంటారు.

డ్రాగన్‌కి రెక్కలు, కాళ్ళు, నోట్లో మంట. దాన్ని పాము అనడం తప్పు కాదా?

కాదు. గ్రీకు, లాటిన్ రోజుల్లో ఆ మాటకి పెద్ద పాము అనే అర్థమే ముందుండేది. రెక్కలూ మంటా మెల్లగా చేరాయి. బైబిల్ ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో ఏడు తలలు, పది కొమ్ములతో ఎర్రటి డ్రాగన్ కనిపిస్తుంది. 1776 నాటి ఫిన్నిష్ బైబిల్లో అది "లొహిక్యర్మె" అని హ్రస్వం రాతతో ఉంది. తొమ్మిదో వచనంలో డ్రాగన్, ఆది సర్పం ఒకటేనని చెబుతూ రెండు మాటలూ పక్కపక్కనే వస్తాయి. ఇదే చోట మన తెలుగు బైబిల్ తీయండి. "మహాఘటసర్పము" అని ఉంటుంది. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు భాషల అనువాదకులు ఒకే జంతువుకి పేరు వెతుక్కుంటూ ఇద్దరూ పాము దగ్గరికే వచ్చారు.

క్యార్మె అనే మాట అచ్చ ఫిన్నిషేనా?

రెండు అభిప్రాయాలున్నాయి. ఫిన్నిష్‌లో "క్యారియా" అంటే చుట్టడం. చుట్టలు చుట్టుకునేది కాబట్టి క్యార్మె అన్నారని ఒక మాట. బాల్టిక్ భాషల నుంచి వచ్చిందని రెండోది. లిథువేనియన్‌లో పురుగుని "కిర్మిస్" అంటారు, లాట్వియన్‌లో కడుపులో పడే ఏలికపాముని "త్సేర్మె" అంటారు. బాల్టిక్ మూలం నాకు బలంగా కనిపిస్తుంది, చుట్టడం అనే మాట ప్రభావంతో దీర్ఘం వచ్చి ఉండొచ్చు.

రెండో అభిప్రాయమే సరైనదైతే మనకో చుట్టం దొరికినట్టే. కిర్మిస్, సంస్కృత కృమి ఒకే ఇండో-యూరోపియన్ (సంస్కృతం, యూరప్ భాషలు చాలావరకు చేరే కుటుంబం) మూలం నుంచి వచ్చాయి. మనం రోజూ అనే "క్రిములు" అదే.

## ఇంకా వెనక్కి వెళ్తే

ఫ్లొగ్‌ద్రాకిలోని ద్రాకికి మూలం ఏమిటి?

జర్మానిక్ భాషలు లాటిన్ "ద్రాకో" నుంచి తీసుకున్నాయి, లాటిన్ గ్రీకు "ద్రాకోన్" నుంచి తీసుకుంది. గ్రీకు మాటని "దెర్కొమై" అనే క్రియతో కలుపుతారు, చూడటం అని అర్థం. రెప్ప వేయకుండా తేరిపార చూసేది కాబట్టి పాముకి ఆ పేరు వచ్చిందని వివరణ.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. గ్రీకులో "చూశాను" అనడానికి "దెదొర్క" అంటారు. సంస్కృతంలో అదే రూపం "దదర్శ". గ్రీకు "క" ఉన్నచోట సంస్కృతంలో "శ" రావడం మామూలే, అక్కడ "దెకా" అంటే ఇక్కడ "దశ". అంటే తిరుమల "దర్శనం", దిష్టి తీసేటప్పటి "దృష్టి", సినిమాలో "దృశ్యం", యూరప్ డ్రాగన్, అన్నీ ఒకే ధాతువు పిల్లలు. విచారమేమిటంటే ఫిన్నిష్ మాట ఈ సగాన్నే వదులుకుంది.

మరి ఫ్లొగ్‌కి సంస్కృతంలో చుట్టాలు ఉన్నారా?

ఉన్నారు. జర్మానిక్ "ఎగరడం" వెనక ఉన్న ఇండో-యూరోపియన్ ధాతువుని సంస్కృత "ప్లు"తో కలుపుతారు, తేలడం, ఈదడం, దూకడం అని అర్థాలు. సంస్కృత "ప" ఉన్నచోట జర్మానిక్‌లో "ఫ" రావడం "పితృ", "ఫాదర్" జంటలో అందరూ చూసిందే. ప్లవ అనే తెలుగు సంవత్సరం పేరు, భౌతికశాస్త్రంలో చదివే ఉత్ప్లవన బలం ఈ ధాతువువే.

చేప పేరు లొహి మాత్రం అచ్చ ఫిన్నిషే కదా?

అదీ ఎరువే, కాకపోతే స్వీడిష్ మాట రావడానికి చాలా ముందు బాల్టిక్ భాషల నుంచి వచ్చింది. లిథువేనియన్‌లో సాల్మన్‌ని "లషిషా", లాట్వియన్‌లో "లసిస్" అంటారు. పాత "ష" ఫిన్నిష్‌లో "హ" అయింది. గడ్డిని లిథువేనియన్‌లో "షియెనస్" అంటే ఫిన్నిష్‌లో "హెయినా", పంటని మాడ్చే మంచుని అక్కడ "షల్నా" అంటే ఇక్కడ "హల్లా". జర్మన్ "లాక్స్", స్వీడిష్ "లాక్స్" కూడా ఈ కుటుంబమే. మధ్య ఆసియాలో ఎడారి అంచున మాట్లాడిన తొఖారియన్‌లో "లక్స్" అంటే ఏదైనా చేప.

మన "లక్ష", "లక్క" కూడా ఈ సాల్మన్ నుంచే వచ్చాయని విన్నాను. నిజమా?

పౌల్ థీమె అనే జర్మన్ సంస్కృత పండితుడి ప్రతిపాదన అది. సాల్మన్ మాంసం ఎరుపు కాబట్టి ఎర్రటి లక్క, గుంపులు గుంపులుగా వస్తాయి కాబట్టి లక్ష అని వాదం. వినడానికి బాగుంటుంది. దీన్ని ఒప్పుకోనివాళ్ళే ఎక్కువ, నేనూ ఒప్పుకోను. అర్థాలు ఊహ మీద నడుస్తున్నాయి, మధ్యలో ఒక్క మెట్టుకీ రాతలో ఆధారం లేదు.

ఫిన్నిష్, తెలుగు రెండూ ప్రత్యయాలు అతికించుకుంటూ పోతాయి. ఇవి చుట్టాలా?

ఫిన్నిష్ యురాలిక్ కుటుంబం, తెలుగు ద్రావిడ కుటుంబం. 1856లో ద్రావిడ భాషల్ని పోల్చి వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్వెల్ వాటికి ఫిన్నిష్ లాంటి భాషల వైపు చుట్టరికం ఉందని ఊహించారు. తర్వాత భాషావేత్త థామస్ బరో ఈ రెండు కుటుంబాల్లో శరీర భాగాల పేర్లు పోల్చి చూశారు. ఇప్పటివరకూ అది ఆమోదం పొందలేదు. అతికించే పద్ధతి ఒకేలా ఉండటం చుట్టరికానికి రుజువు కాదు, టర్కిష్, జపనీస్ కూడా అతికిస్తాయి.

## మాట నేర్చుకుని వాడేవాళ్ళకి

విభక్తులు చేరినప్పుడు రెండు భాగాలూ మారతాయా?

వెనక భాగం ఒక్కటే మారుతుంది. డ్రాగన్ యొక్క: లొహిక్యార్మేన్. డ్రాగన్‌లు: లొహిక్యార్మేత్. విడిగా సాల్మన్ యొక్క అనాలంటే "లొహెన్" అవుతుంది కానీ సమాసంలో "లొహి" కదలదు.

డ్రాగన్ ఉన్న ఇంగ్లీషు మాటలన్నిట్లో లొహిక్యార్మె పెట్టేయొచ్చా?

కుదరదు. డ్రాగన్ ఫ్రూట్‌కి "లొహిక్యార్మెహెదెల్మా" అంటారు, హెదెల్మా అంటే పండు. ఆకాశంలో డ్రేకో నక్షత్రమండలం పేరూ లొహిక్యార్మే. చైనా పంచాంగంలో డ్రాగన్ సంవత్సరానికీ ఇదే మాట. తూనీగకి మాత్రం "సుదెన్‌కొరెంతొ" అంటారు, అందులో ఉన్నది తోడేలు. కుండీల్లో పెంచే డ్రసీనా మొక్క "త్రాక్కిపూ", పూ అంటే చెట్టు. పాముకి చోటిచ్చి తప్పుకున్న ద్రాకికి ఈ త్రాక్కి చుట్టమే, ఇంకో దారిలో వచ్చి మొక్కల పేర్లలో చేరింది.

ఫిన్నిష్‌వాళ్ళే "అది సాల్మన్ పామే" అని నాతో వాదించారు. మాతృభాష వాళ్ళది కదా, ఎవర్ని నమ్మాలి?

మాట ఇప్పుడు ఎలా వినిపిస్తుందో చెప్పడానికి వాళ్ళకంటే అర్హులు లేరు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మాతృభాష అయితే చాలదు, పక్క భాషల పాత రూపాలు కావాలి. ఎవరు ఏ వ్యుత్పత్తి చెప్పినా రెండు ప్రశ్నలు అడగండి. ఇదే శబ్దం ఇలాగే మారిన మాటలు ఇంకొన్ని చూపించగలరా? మూలమని చెప్పే మాట అదే అర్థంతో, అదే కాలంలో, రాకపోకలున్న చోట ఉందా? ఫ్లొగ్‌ద్రాకికి లిక్కా, లాస్కి, కౌలు సాక్ష్యం పలుకుతాయి. చేపకి అలా పలికే మాట ఒక్కటీ లేదు.